తుప్పు పట్టిన కారా, ఎండకు మాడిన కారా? పాత బండి కొనేవాళ్లకు సమాధానం

మీ ప్రశ్న క్లుప్తంగా ఇది. ఒకే మోడల్, ఇరవై ఏళ్ల కార్లు రెండు చూశారు. మొదటిది సముద్రపు గాలిలో తిరిగిన బండి. రంగు మెరుస్తోంది, సీట్లూ డ్యాష్‌బోర్డూ కొత్తవాటిలా ఉన్నాయి, కానీ వెనక చక్రాల పైఅంచుల్లో రెండు మూడు చోట్ల రంగు పొక్కింది. రెండోది పొడి వేడి ప్రాంతంలో ఏళ్ల తరబడి నీడ లేకుండా నిలబడింది. టాపు మీద రంగు పెచ్చులూడింది, డ్యాష్‌బోర్డు బీటలు వారింది, కింద రేకు మాత్రం శుభ్రంగా ఉంది. ఇద్దరూ ఒకటే ధర చెబుతున్నారు. ఏది తీసుకోవాలి, తీసుకున్నాక ఎలా కాపాడుకోవాలి?

రెండోది తీసుకోండి. ఎండ బయటి నుంచి లోపలికి తింటుంది, తుప్పు లోపలి నుంచి బయటికి వస్తుంది. కాబట్టి ఎండకు మాడిన కారులో కంటికి కనిపించేదే దాదాపు మొత్తం నష్టం. తుప్పు కారులో కనిపించేది చివరి అంకం మాత్రమే. పైగా ఎండ పాడుచేసేవి చాలావరకు విప్పి మార్చగలిగే వస్తువులు. తుప్పు తినేది కారు అస్థిపంజరాన్ని. దాన్ని బోల్టు విప్పి మార్చలేం, కోసి వెల్డింగ్ చేయాలి.

అయితే కొన్ని తుప్పులు లెక్కలోకి రావు, కొన్ని ఎండ దెబ్బలు ప్రాణం మీదికి తెస్తాయి. అందుకే కాస్త వివరంగా.

ముందు ఆ పొక్కుల సంగతి. కారు బయటి రేకు మందం చాలా మోడళ్లలో 0.7 నుంచి 0.8 మిల్లీమీటర్లు. తుప్పుగా మారిన ఇనుము అసలు లోహం కంటే రెండు రెట్లకు పైగా చోటు ఆక్రమిస్తుంది. రంగును పైకి నెట్టేది ఆ ఉబ్బే. రాయి తగిలి పైన రంగు లేచిపోతే మొదలయ్యే తుప్పు వేరు, అది గీత చుట్టూ ఎర్రగా పాకుతుంది, మధ్యలో లోహం కనిపిస్తుంది. రంగు చెక్కుచెదరకుండా కింద నుంచి బుడిపెలా లేచిందంటే, తుప్పు రేకు వెనక పుట్టి, మందమంతా తినేసి ఇటు తేలిందని అర్థం. బుడిపె శనగగింజంత ఉంటే వెనక పుచ్చిన చోటు అరచేయంత ఉండటం మామూలే. మీరు చూసినచోట, అంటే వెనక చక్రం పైఅంచులో, బయటి రేకూ లోపలి రేకూ ఒకదాని మీద ఒకటి మడతపడి ఉంటాయి. చక్రం విసిరే బురద ఆ మడత మీద పేరుకుంటుంది, తేమ నెలల తరబడి ఆరదు.

సముద్రతీరపు ఉప్పు విషయంలో చాలామంది పొరబడేది ఒకటుంది. వాన పడకపోతే కారు పొడిగానే ఉంటుందనుకుంటారు. ఉప్పు గాలిలోంచే నీళ్లు పీల్చుకుంటుంది. మామూలు ఉప్పు గాలిలో తేమ 75 శాతం దాటితే కరిగి ద్రవమవుతుంది. సముద్రపు ఉప్పులో కలిసి ఉండే మెగ్నీషియం క్లోరైడ్‌కైతే 33 శాతం చాలు. అంటే చూపుకి పొడిగా ఉన్న రేకు మీద కూడా పలచని ఉప్పునీటి పొర రాత్రింబవళ్లు పనిచేస్తూనే ఉంటుంది. మంచు కరిగించడానికి రోడ్ల మీద ఉప్పు చల్లే దేశాల్లోనూ ఇదే కథ. అక్కడ ఇంకో చిక్కు ఉంది: ఉప్పు బురదతో వచ్చిన కారును వెచ్చని గ్యారేజీలో పెడితే బయట చలిలో వదిలేసిన దానికంటే త్వరగా తుప్పు పడుతుంది. వేడి పెరిగేకొద్దీ రసాయన చర్య వేగం పెరుగుతుంది మరి.

ఇక తనిఖీ. ర్యాంపు మీదికి ఎక్కించనివ్వని అమ్మకందారుతో మాటలు అక్కడితో ఆపేయండి. పట్టుకెళ్లాల్సినవి: మంచి టార్చి, పలచటి గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం, మొద్దు స్క్రూడ్రైవర్, ఒక ప్లాస్టిక్ కేబుల్ టై, వీలైతే రంగు మందం కొలిచే మీటరు.

మీటరుతో మొదలుపెట్టండి. కంపెనీ రంగు సాధారణంగా 80 నుంచి 160 మైక్రాన్లు (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) ఉంటుంది. 200 నుంచి 350 చూపిస్తే మీద ఇంకోసారి రంగు కొట్టారు. 1000 దాటితే కింద లప్పం ఉంది. ఒక తలుపు మీద ఒక సొట్టకు లప్పం పెట్టడం నేరం కాదు. చక్రాల అంచుల్లో, తలుపుల అడుగున, తలుపుల కింద సిల్ మీద లప్పం దొరికితే మాత్రం అది సొట్ట కప్పడానికి కాదు, కన్నం కప్పడానికి పెట్టింది. మీటరు లేకపోతే అయస్కాంతం చాలు. మంచి రేకు మీద చటుక్కున అంటుకునేది లప్పం మీద జారిపోతుంది.

సిల్ దగ్గర కాస్త ఎక్కువసేపు కూర్చోండి. తలుపుల కింద ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పెట్టెలా సాగే భాగం అది. విడి ఛాసిస్ లేకుండా బాడీయే బరువు మోసే మోనోకాక్ కారులో నడుం ఎముక అదే. బయటి రేకు, లోపలి రేకు, చాలా మోడళ్లలో మధ్యలో బలానికి ఇంకో రేకు. అడుగున నీళ్లు కారడానికి చిన్న రంధ్రాలు ఉంటాయి. వాటిలోకి కేబుల్ టై దూర్చి తిప్పి బయటికి లాగండి. పొడి మట్టి రాలితే మంచిదే. కాస్త గోధుమరంగు పొడి అంటితే పైపై తుప్పు. అదే అప్పడం ముక్కల్లా పొరలు పొరలుగా విరిగే పెచ్చులు రాలితే లోపలి రేకు పోతోందని లెక్క. రంధ్రమే కనిపించకుండా నల్ల తారు పూత దాన్ని మూసేసి ఉంటే, లోపల నీళ్లు నిలిచి ఎంత కాలమైందో ఊహించుకోవచ్చు. తర్వాత స్క్రూడ్రైవర్ పిడితో సిల్ పొడవునా తట్టుకుంటూ రండి. గట్టి రేకు ఖంగుమంటుంది. పుచ్చినచోట చప్పుడు మూగబోతుంది. జాకీ పెట్టే చోట అంచు నలిగి, విచ్చుకుని ఉంటే రెండోసారి చూడక్కర్లేదు.

తర్వాత చూడాల్సినవి ఇదే వరుసలో: ముందు స్ట్రట్ టవర్ల (ముందు షాక్ అబ్జార్బర్లు బాడీకి బిగిసే చోట్ల) పైభాగం, వెనక స్ప్రింగు కూర్చునే గిన్నె, సబ్‌ఫ్రేమ్ (ఇంజనునో సస్పెన్షన్‌నో మోసే విడి చట్రం) బిగించే చోట్లు, వెనక సస్పెన్షన్ ఆర్ములు బాడీకి అంటే చోటు, బ్రేకు గొట్టాలు. బాడీ కింద నిచ్చెనలాంటి విడి చట్రం, అంటే లాడర్ ఛాసిస్, ఉన్న జీపుల్లాంటి బండ్లలో పెట్టె ఛాసిస్ లోపల మట్టి నిండి కుళ్లుతుంది, ముఖ్యంగా వెనక చక్రాల దగ్గరి వంపులో. అక్కడ చిన్న సుత్తితో కాస్త గట్టిగానే కొట్టాలి. అమ్మేవాడికి కోపం వస్తే రానివ్వండి, మంచి ఛాసిస్‌కు సుత్తి దెబ్బ లెక్కలోది కాదు.

లోపల కార్పెట్ మూల లేపి చేయి పెట్టి చూడండి, కింద నురుగు తడిగా ఉందా, వాసన వస్తోందా. డిక్కీలో స్టెప్నీ గుంత చూడండి. వెనక లైట్ల రబ్బరు ఎండిపోయి నీళ్లు దిగే దారి అదే. బ్యాటరీ కింది పళ్లెం చూడండి. ముందు అద్దం కింద, వైపర్ల పక్కన ఉండే కాలువలో ఎండుటాకులు పేరుకున్నాయేమో వేలు పెట్టి చూడండి. ఆకులు కుళ్లి ఎరువులా మారి నీళ్లు పట్టుకుంటాయి, కింద రేకు పోతుంది, ఆ నీళ్లు నేరుగా డ్రైవరు కాళ్ల దగ్గరికి దిగుతాయి.

అడుగున కొత్తగా నల్ల పూత నిగనిగలాడుతుంటే సంతోషించకండి. ఇరవై ఏళ్ల కారు అడుగు దుమ్ముపట్టి, అక్కడక్కడ రంగు లేచి ఉండటమే న్యాయం. అమ్మకానికి నెలముందు కొట్టించిన తారు పూత కింద ఏముందో దేవుడికే తెలియాలి. పైన పటారం, లోన లొటారం అనేది ఇలాంటివాటికే పుట్టింది. తుప్పు మీద కొట్టిన గట్టి రబ్బరు పూత మేలు చేయకపోగా కీడు చేస్తుంది. ఎండి చిట్లిన చోట నీళ్లు లోపలికి పోతాయి, బయటికి రావు.

ఏ తుప్పు పర్వాలేదు? ఎగ్జాస్టు గొట్టం, సైలెన్సరు, బ్రేకు డిస్కుల అంచులు, డ్రైవ్ షాఫ్టులు, సస్పెన్షన్ ఆర్ముల పైపైన ఉండే ఎర్రదనం, ఇవన్నీ మామూలు. మందమైన ఇనుము, పైన తుప్పు పట్టినా దశాబ్దాలు వస్తుంది. తలుపు, బానెట్, డిక్కీ మూత, బోల్టుతో ఊడివచ్చే ముందు ఫెండర్లు కుళ్లినా బాధ లేదు, ఎండ ప్రాంతపు పాత కార్ల నుంచి మంచివి దొరుకుతాయి. వెల్డింగ్‌తో అతికిన వెనక ఫెండరు, సిల్, నేల, స్ట్రట్ టవర్, ఇవి కుళ్లితే లెక్క మారిపోతుంది.

ఎందుకంటే పని కన్నం మీద ముక్క అతకడంతో అయిపోదు. ఉదాహరణకు సిల్ మార్చాలంటే సీట్లు, కార్పెట్, వైరింగు తీసేయాలి, బ్యాటరీ విప్పాలి, ఆ వైపు పోయే ఇంధన గొట్టాలు పక్కకు జరపాలి. కోసేముందు తలుపు సందులో ఇనుప కడ్డీ అడ్డంగా అతికి గట్టిపరచాలి. లేకపోతే సిల్ కోయగానే బాడీ కొద్దిగా కుంగుతుంది, అలాగే వెల్డింగ్ చేస్తే తలుపు ఇక జన్మలో సరిగా పడదు. మంచి లోహం కనబడేదాకా కోయాలి, అది మొదట అనుకున్నదానికంటే ఎప్పుడూ దూరంగానే ఉంటుంది. తుప్పు రేకు మీద కొత్త ముక్క పరిచి అంచులు అతికేస్తే రెండు రేకుల మధ్య తేమ నిలిచి ముందుకంటే వేగంగా పోతుంది. దీనికి తోడు తుప్పు కారులో ఏ చిన్న పనికైనా రెట్టింపు సమయం పడుతుంది. బోల్టు తిరగదు, తిరిగితే విరుగుతుంది, విరిగినది డ్రిల్లు చేసి తీయాలి. నలభై నిమిషాల షాక్ అబ్జార్బరు పని మధ్యాహ్నమంతా పట్టేది ఇందుకే.

మోడల్‌ను బట్టి తేడా చాలా ఉంటుంది. పోర్షే 911కు 1976 మోడల్ సంవత్సరం నుంచి జింకు పూత రేకు వాడారు. 1986లో వచ్చిన ఆడి 80 బాడీ మొత్తం జింకు పూతదే. జింకు తాను ముందు కరిగి ఇనుమును కాపాడుతుంది. ఇలాంటి కార్లలో ఎక్కడైనా తుప్పు కనిపిస్తే ఆ భాగానికి గతంలో ప్రమాదం జరిగి, మరమ్మతులో పూత పోయిందేమో అడగండి. జింకు రేకును వెల్డింగ్ చేసేటప్పుడు ఒక జాగ్రత్త: జింకు 907 డిగ్రీలకే ఆవిరవుతుంది, ఇనుము కరగడానికి 1500 డిగ్రీలు కావాలి, అంటే ఆ పొగ రాక తప్పదు. పీల్చినవాళ్లకు ఆ రాత్రి చలిజ్వరం వస్తుంది. అతుకు చుట్టూ పూత గీకేసి, గాలి ఆడేచోట, మాస్కు పెట్టుకుని చేయాలి.

ఇప్పుడు రెండో కారు. టాపు మీద ఊడుతున్నది క్లియర్ కోట్. రంగు మీద ఉండే పారదర్శకమైన పొర అది, మందం 40, 50 మైక్రాన్లు. అందులో అతినీలలోహిత కిరణాలను పీల్చుకునే రసాయనాలు కలుపుతారు. అవి ఖర్చయిపోయాక పొర పెళుసెక్కి, కింది రంగును వదిలేసి, తెల్లటి అంచులతో పెచ్చులుగా లేస్తుంది. అంచు దగ్గర గోరుతో గీకితే ఇంకా ఊడివస్తుందంటే పాలిష్ వల్ల ఉపయోగం లేదు. పాలిష్ పనిచేసేది పొర ఉన్నప్పుడే. ఊడినంత మేరా, దాని చుట్టూ గట్టిగా ఉన్న చోటిదాకా గీకి, మళ్లీ రంగూ క్లియర్ కోటూ కొట్టాలి. ఉన్న పెచ్చు అంచు మీదే కొత్త క్లియర్ కొడితే ఆ అంచు దగ్గరే మళ్లీ లేస్తుంది.

పాతకాలపు ఒకే పొర రంగు అయితే వేరు. పాలిష్ గుడ్డకు కారు రంగు అంటుకుంటే అది ఒకే పొర రంగు. అలాంటిది సున్నం కొట్టినట్టు వెలసిపోయినా పైపొర తీసేస్తే కింద మంచి రంగు ఉంటుంది. రుద్దాలా వద్దా తేల్చుకోవడానికి తేలిక పరీక్ష: ఒక మగ్గు నీళ్లు పోయండి. తడిలో రంగు నిండుగా కనబడితే పాలిష్‌తో తిరిగొస్తుంది. తడిలోనూ మచ్చలు మచ్చలుగానే ఉంటే రాదు. క్లియర్ కోట్ ఉన్న కారుకైతే రుద్దే ముందు మందం చూసుకోండి. గట్టి పాలిష్ ప్రతిసారీ కొన్ని మైక్రాన్లు తీసేస్తుంది, ఆ పొర పైభాగంలోనే రక్షణ ఎక్కువ.

డ్యాష్‌బోర్డు పైతోలు చాలా కార్లలో పీవీసీ, దాని కింద నురుగు. పీవీసీని మెత్తగా ఉంచే నూనెలాంటి పదార్థం వేడికి మెల్లగా ఆవిరవుతుంది. ముందు అద్దం లోపలివైపు పట్టే జిడ్డు పొర చాలావరకు అదే. ఆ మెత్తదనం పోయాక తోలు కుంచించుకుని, స్పీకరు జాలీ మూలల్లోనూ డ్యాష్‌బోర్డులో గాలి వచ్చే రంధ్రాల మూలల్లోనూ పగులుతుంది. పగిలాక పేస్టులూ జిగుర్లూ నిలవవు. అచ్చు పోసిన తొడుగు దొరికితే అతికించుకోవచ్చు, లేదా మొత్తం డ్యాష్‌బోర్డు మార్చాలి. మారిస్తే హీటరు పైపుల పని కూడా అప్పుడే చూసుకోండి, మళ్లీ విప్పక్కర్లేదు. అరుదైన మోడల్ అయితే ముందే వెతకండి. రేకు ముక్క ఎవరైనా వంచి ఇస్తారు గాని, డ్యాష్‌బోర్డు ఎవరూ చేసివ్వరు. ఎండ కారు కొనడంలో నిజమైన రిస్కు ఇదే.

టాపు లోపలి గుడ్డ వేలాడుతుంటే స్ప్రే జిగురుతో అంటించడానికి ప్రయత్నించకండి. గుడ్డ వెనకున్న నురుగు పొడిపొడి అయిపోయింది, జిగురు ఆ పొడికే అంటుతుంది. బోర్డు కిందికి దించి, పొడి మొత్తం బ్రష్‌తో రుద్దేసి, నురుగు అతికి ఉన్న కొత్త గుడ్డ వేయాలి. హెడ్‌లైట్లు పచ్చబడ్డది వాటి పాలికార్బొనేట్ ప్లాస్టిక్ మీది రక్షణ పూత పోవడం వల్ల. నీళ్లతో 800, 1500, 3000 నంబర్ల కాగితాలు వరుసగా రుద్ది పాలిష్ చేస్తే అద్దంలా అవుతాయి. అక్కడితో ఆపితే కొద్ది నెలల్లో మళ్లీ పచ్చబడతాయి. మీద అతినీలలోహిత రక్షణ ఉన్న క్లియర్ కొట్టడమే అసలు పని.

ఇవన్నీ అందానికి సంబంధించినవి. ప్రాణానికి సంబంధించినవి నాలుగున్నాయి, బేరం ఆడేముందు వీటిని చూడండి.

టైర్లు. టైరు పక్కగోడ మీద DOT (డాట్) అనే అక్షరాలతో మొదలయ్యే గుర్తు చివర నాలుగు అంకెలు ఉంటాయి. 2319 అంటే 2019లో 23వ వారంలో తయారైనది. ఆరేళ్లు దాటితే ఏటా నిశితంగా చూడాలి, పదేళ్లు దాటితే గాడి ఎంతున్నా పారేయాలి. తిరగకుండా ఎండలో నిలబడిన కారులో గాడి నిండుగా ఉండి రబ్బరు చచ్చిపోయి ఉంటుంది. పక్కగోడల మీద సన్నని పగుళ్లు దానికి గుర్తు.

సీటు బెల్టులు. పట్టీ పాలియెస్టరు, ఎండకు బలం తగ్గుతుంది. పూర్తిగా బయటికి లాగి, కిటికీ వైపు ఎప్పుడూ ఎండ తగిలే ముక్కనూ చుట్టలో దాగి ఉండే ముక్కనూ పక్కపక్కన పెట్టి చూడండి. రంగు బాగా తేడా ఉండి, తాకితే గరుకుగా గట్టిగా ఉంటే మార్చాలి. ఇలా లాగినప్పుడే చుట్ట లోపలి ముక్క మీద బురద చార ఉందేమో కూడా చూడండి. ఉంటే ఆ కారు ఎప్పుడో వరదనీటిలో మునిగింది.

ఎయిర్‌బ్యాగులు. టకాటా అనే జపాన్ కంపెనీ తయారుచేసిన చాలా ఇన్‌ఫ్లేటర్లలో (ఎయిర్‌బ్యాగును ఉబ్బించే డబ్బాల్లో) అమ్మోనియం నైట్రేట్ వాడారు. ఏళ్ల తరబడి వేడీ తేమా మారుతూ ఉంటే అది పాడై, ప్రమాదంలో ఎయిర్‌బ్యాగు తెరుచుకునే బదులు ఇనుప డబ్బా పగిలి ముక్కలు మొహం మీదికి దూసుకొస్తాయి. కోట్ల కార్లు వెనక్కి పిలిచారు. మీరు చూసిన రెండు కార్లకూ ఛాసిస్ నంబరుతో తయారీదారు రీకాల్ పేజీలో వెతకండి. వేడీ తేమా కలిసిన తీరప్రాంతపు కారుకు ఇది మరింత ముఖ్యం.

నాలుగోది బానెట్ కింది ప్లాస్టిక్, రబ్బరు. రేడియేటరు చివరి ట్యాంకులు నైలాన్‌వి, ఏళ్ల వేడికి పెళుసవుతాయి. అతుకు దగ్గర ఆకుపచ్చ లేదా తెల్లటి మరక ఉందంటే కారడం మొదలైంది. హోసులు ఇంజను చల్లగా ఉన్నప్పుడు నొక్కి చూడండి. కరకరమన్నా, మెత్తటి పిండిలా లోపలికి పోయినా మార్చాల్సినవే. ఇంధన హోసు మీద పగులు కనిపిస్తే మార్చేదాకా బండి నడపకండి.

ఇక అసలు మెలిక. పొడి ప్రాంతంలో ఇరవై ఏళ్లు చెక్కుచెదరని కారు వాన ప్రాంతానికి వచ్చిన రెండేళ్లలో నేల కుళ్లబెట్టుకోవడం మామూలుగా జరిగే విషయమే. తలుపుల రబ్బర్లు, ముందు వెనక అద్దాల రబ్బర్లు, సన్‌రూఫ్ కాలువ గొట్టాలు, వెనక లైట్ల వాషర్లు ఎండకు కుంచించుకుపోయాయి. అక్కడ వాన లేదు కాబట్టి ఎవరికీ తెలియలేదు. ఇక్కడ మొదటి వర్షానికే నీళ్లు దిగి కార్పెట్ కింద నురుగులో నిలుస్తాయి, నేల పైనుంచి తుప్పు పడుతుంది. అడుగు ఎంత చూసినా కనిపించదు.

కాబట్టి కొన్న మొదటి వారంలోనే ఒకరిని లోపల టార్చితో కూర్చోబెట్టి, బయట నుంచి గొట్టంతో నీళ్లు వదలండి. ప్రెజర్ వాషరు వద్దు, మామూలు ధార చాలు. కింద నుంచి మొదలుపెట్టి, ఒక్కో చోట రెండు మూడు నిమిషాలు ఆగుతూ పైకి రండి. ముందే పైన పోస్తే నీళ్లు ఎక్కడ దిగుతున్నాయో తెలియదు. తలుపు రబ్బరు పట్టు చూడటానికి తలుపు సందులో సన్నని కాగితం పెట్టి మూసి లాగండి. తేలిగ్గా జారి వచ్చినచోట రబ్బరు చచ్చింది. బాగున్న రబ్బర్లకు ఏడాదికి రెండుసార్లు సిలికాన్ గ్రీజు రాయండి, పెట్రోలియం ఆధారిత నూనెలు రాయకండి, ఉబ్బిపోతాయి. టాపు మీద క్లియర్ ఊడిన చోట రంగు కొట్టించడం కూడా అందం కోసమే అనుకోకండి. రంగు సుద్దలా రాలి ప్రైమరు తేలాక అది నీళ్లు పీల్చుకుంటుంది. ఎండ దెబ్బ తుప్పుగా మారేది అక్కడే.

లీకులు అయ్యాక, వెల్డింగ్ ఏమైనా ఉంటే అది కూడా అయ్యాక, చివరగా పెట్టె భాగాల లోపల మైనం పూత. వరుస తప్పకండి, మైనం పూసిన చోట తర్వాత వెల్డింగ్ చేస్తే నిప్పంటుకుంటుంది. చిన్న కారుకు లోపలి భాగాలకు రెండు నుంచి మూడు లీటర్లు, అడుగుకు ఇంచుమించు అంతే పడుతుంది. ఎండ కాసే రోజు, బండి పూర్తిగా పొడిగా ఉన్నప్పుడు, డబ్బా గోరువెచ్చని నీళ్లలో పెట్టి పలచన చేసి, చుట్టూ చిమ్మే నాజిల్ ఉన్న పొడవాటి గొట్టంతో కొట్టాలి. గొట్టాన్ని చివరిదాకా తోసి, కొడుతూ మెల్లగా వెనక్కి లాగాలి. సిల్, తలుపుల అడుగు, వెనక చక్రం పైమడత, బానెట్ అంచుల మడత, డిక్కీ మూత అడుగు, ఛాసిస్ పట్టాలు. సీటు బెల్టు చుట్టలున్న స్తంభంలోకీ, కిటికీ అద్దం జారే గాడిలోకీ పోనివ్వకండి. బ్రేకులూ సైలెన్సరూ కప్పి ఉంచండి. మర్నాడు నీటి రంధ్రాలన్నీ పుల్లతో పొడిచి తెరవండి. మరిచిపోతే చేసిన పనంతా తారుమారవుతుంది. నూనె లేదా లానోలిన్ (గొర్రె ఉన్ని నుంచి తీసే కొవ్వు) రకం పూతలైతే పాకి సందుల్లోకి బాగా పోతాయి, కానీ ఏటా మళ్లీ కొట్టాలి. మైనం మూడు నాలుగేళ్లు ఉంటుంది, ఏడాదికోసారి చూసి లేచినచోట సరిదిద్దుకోవాలి.

చిన్న తుప్పు మచ్చలకు: 80 నంబరు ఉప్పుకాగితంతో తెల్ల లోహం తేలేదాకా రుద్దండి. గుంటల్లో మిగిలిన నల్ల చుక్కలకు ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రవం రాసి, ఆరనివ్వకుండా నీళ్లతో కడిగి, బాగా ఆరబెట్టండి. ఆమ్లం మిగిలితే దాని మీద ఇపాక్సీ పట్టదు. తర్వాత రెండు భాగాలు కలిపే ఇపాక్సీ ప్రైమరు రెండు పూతలు, అవసరమైతే దాని మీద లప్పం, ఆపైన ప్రైమరు, రంగు, క్లియర్. లప్పం ఎప్పుడూ ఉత్త రేకు మీద కాదు, ఇపాక్సీ మీదే, ఎందుకంటే లప్పం నీళ్లు పీలుస్తుంది. తుప్పును నల్లగా మార్చే కన్వర్టరు ద్రవాలు గట్టిగా అంటుకుని ఉన్న పలచటి తుప్పు మీదే పనిచేస్తాయి, పెచ్చులు లేచిన దాని మీద పోస్తే పైపెచ్చు నల్లబడి ఊడిపోతుంది, అంతే.

బ్యాటరీకి తగిలించే ఎలక్ట్రానిక్ తుప్పు నివారణ పెట్టెలు కొనకండి. ఓడలకు ఆ సూత్రం పనిచేస్తుంది, ఎందుకంటే ఓడ నీటిలో మునిగి ఉంటుంది, కరెంటు తిరిగే దారి ఉంది. గాలిలో ఉండే కారుకు ఆ దారి లేదు. అలాగే సిరామిక్ పూత కొట్టిస్తే ఎండకు దిగుల్లేదన్న మాటా నమ్మకండి. కడగడం తేలికవుతుంది గాని, ఎండను ఆపే భారం మాత్రం ఇంకా క్లియర్ కోట్‌దే. నీడ, ముందు అద్దానికి అడ్డు, ఒకటి రెండు నెలలకోసారి రంగు మీద మైనం పాలిష్, వీటికి సాటి లేదు. కవరు కప్పితే గాలాడే గుడ్డ కవరే కప్పండి, అదీ కడిగిన బండి మీదే. ప్లాస్టిక్ కవరు కింద తేమ నిలుస్తుంది, దుమ్ము మీద కప్పిన కవరు గాలికి కదిలి ఉప్పుకాగితం పని చేస్తుంది. గడ్డి మీద, మట్టి మీద నెలల తరబడి నిలపకండి. కింద నుంచి లేచే తేమ వానకంటే మొండిది.

మొదటి కారు మీదే మనసుంటే, ర్యాంపు మీద సిల్ రంధ్రాల్లోంచి పొడి మట్టే రాలి, స్ట్రట్ టవర్లూ వెనక స్ప్రింగు గిన్నెలూ గట్టిగా తేలి, పొక్కులు చక్రాల అంచులకే పరిమితమైతే తీసుకోవచ్చు. అప్పుడు కూడా ఆ అంచులు రెండు వైపులా కోసి కొత్త రేకు వేయడానికి అయ్యే మొత్తం, బ్రేకు గొట్టాలన్నీ రాగి నికెల్ మిశ్రమంవి వేయడానికి అయ్యే మొత్తం ముందే కనుక్కుని ధరలోంచి తీసేయండి. సిల్ దగ్గర పెచ్చులు రాలితే లోపలి సీట్లు ఎంత బాగున్నా బేరం మొదలుపెట్టవద్దు. ఆ సీట్లూ డ్యాష్‌బోర్డూ మాత్రం విడిగా అమ్ముతారేమో అడగండి, ఒకే మోడల్ కాబట్టి రెండో కారుకు సరిగ్గా సరిపోతాయి.